మంచుసముద్రానికి కుట్టిన కోటు

ఆ వేసవిలో కువైట్‌లోని సాల్మియా రోడ్ల మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటుంటే, మేం దుకాణంలో కూర్చుని దూది కోట్లు కుట్టాం. ఈ మాట ఊళ్లో ఎవరికి చెప్పినా నా వంక అదోలా చూస్తారు. ఇరాక్ సైనికులూ అలాగే చూశారు. మా తంటాలన్నీ ఆ చూపు దగ్గరే మొదలయ్యాయి.

మేం అంటే నేనూ, మా అక్క మొగుడైన బావా. మాది రాయచోటి దగ్గర పల్లె. దుకాణం లైసెన్సు కఫీల్ పేరు మీద, అంటే మాకు పూచీ ఉన్న కువైటీ పేరు మీద ఉండేది, మిషన్లు బావవి, కోపం నాది. బావ మెత్తని మనిషి. గుడ్డ ఇంకా కత్తెర మొహం చూడకపోయినా, కాజాలు మాత్రమే మిగిలాయి, రేపు వచ్చి తీసుకుపొమ్మని తడుముకోకుండా చెప్పగలడు. నాకు అబద్ధం గొంతుదాకా వచ్చేసరికే మొహం చెప్పేస్తుంది. అందుకే వచ్చేపోయేవాళ్లతో ఆయన మాట్లాడేవాడు, నేను లోపల కత్తెర పట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక కువైటీ ఆవిడ తనే మా దుకాణానికి వచ్చింది. అలా రావడం అరుదు. మామూలుగా పనిమనిషి వచ్చి గుడ్డా, ఆదికి ఒక పాత గౌనూ ఇచ్చిపోతుంది. ఇంటి ఆడవాళ్ల పేర్లు మేం అడగం, రాసుకోం. అస్తరు లోపలి వైపు సుద్దతో ఒక గుర్తు గీసుకుంటాం, అంతే. ఆ ఇంటి గుర్తు చేప. వాళ్లింట్లో పనిచేసే రాజంపేట అక్క ఆవిడను మామా, అంటే అమ్మగారూ అనేది కాబట్టి, మాకూ ఆవిడ మామాయే అయింది.

మామా కొలతల బల్ల మీద రంగుల పుస్తకం ఒకటి పరిచింది. చిన్నప్పుడు బొంబాయిలో ఉందట, హిందీ చక్కగా మాట్లాడేది. పుస్తకం నిండా నీలం, తెలుపు. భూమికి నడినెత్తిన ఉండే సముద్రమట అది. అక్కడ కొండల సందుల్లోకి సముద్రం చొచ్చుకుపోయి చాలా దూరం సన్నగా సాగుతుందట. ఆ సందుల్లోకి ఒక చిన్న ఓడ పోతుంది. వేసవి అయిపోయి అసలు చలి ఇంకా రాకముందు, శరత్తులో బయల్దేరుతుంది. అప్పటికి నేల మీద నాచు ఎర్రబడి ఉంటుందట. ఇళ్లంత మంచుపెళ్లలు ఓడ పక్కనే తేలుతుంటాయి, ఆకాశంలో పచ్చటి వెలుగులు కదులుతుంటాయి. ఓడలోంచి రబ్బరు పడవల్లోకి దిగి, ఒడ్డు దాకా పోయి, తెల్ల ఎలుగుబంట్లను దూరం నుంచి చూసి రావాలి. పోయేది మామా, ఆవిడ భర్త, అత్తగారు, నాలుగేళ్ల కూతురు.

అక్కడ ఊరేమైనా ఉందా అని అడిగాను. లేదంది. మీవాళ్లెవరైనా ఉన్నారా అన్నాను. ఎవరూ లేరంది. మరి దేనికి మామా అంటే, చూడటానికి అంది. డబ్బు పోసి చలిలో పడవలెక్కి ఎలుగుబంటి దగ్గరకు పోవడమేమిటో నా బుర్రకు ఎక్కలేదు. ఆవిడ వెళ్లిపోయాక బావ ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంట్లో ఏముందిరా. మన గండికోట కాడ పెన్న కొండను కోసుకోని పోలేదా? దాంట్లో ఉప్పునీళ్లు పోసి ఐసుగడ్డలు ఏసినారు, అంతే."

కోట్లు కొనుక్కోక కుట్టించుకోవడమెందుకంటే, అత్తగారి కోసం. కాలి మడమల దాకా రాకపోతే ఆవిడ ఓడ ఎక్కనంది. పొడుగు గౌను మీద తొడుక్కునే అలాంటి మంచుకోటు ఏ దుకాణంలోనూ లేదు. పనిలోపనిగా నలుగురికీ ఒకే గుడ్డలో కుట్టమంది మామా. మంచులో మనిషి కనబడాలి కాబట్టి ఎర్రరంగే వేసుకోమన్నారట ఓడవాళ్లు. పైన గాలి దూరని ఎర్రగుడ్డ, మధ్యలో దూది, లోపల ఉన్ని అస్తరు, తలకు టోపీ.

చలి అంటే నాకు తెలిసిందల్లా మా ఊళ్లో పుష్యమాసం పొద్దులు. ఆ అనుభవంతో ధ్రువసముద్రానికి కత్తెర వేయలేం కదా. అందుకని మామా వచ్చినప్పుడల్లా ప్రాణం తీసేవాణ్ణి. రబ్బరు పడవలో కూర్చుంటే కోటు ఎక్కడ పట్టేస్తుంది? ఎలుగుబంటి కోసం తల తిప్పితే టోపీ కూడా తిరగాలా? ఆవిడ ఓపికగా చెప్పేది. చెమట కారకుండా బావ నెత్తికి తువ్వాలు కట్టుకుని, ఆ దూదిని మిషను కింద తోస్తూ, వాళ్లనూ నన్నూ కలిపి తిట్టేవాడు.

పాప కోటుకు మాత్రం ఏమీ అడగలేదు. మా వైపు పిల్లల బట్టలు ఏవి కుట్టినా చేతుల దగ్గరా కింది అంచు దగ్గరా నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి వదులుతాం. పిల్ల పెరిగేకొద్దీ కుట్లు విప్పి దించుకుంటారు. చేతికి అలవాటైపోయిన పని అది, ఎవరి పిల్ల అని ఆలోచించదు. గుడ్డ మందం కదా, మడత లావుగా ఉబ్బింది. మామా దాన్ని తడిమి ఇదేమిటని అడిగింది. పెరుగుతుంది కదా అన్నాను. ఆవిడకు నవ్వు ఆగలేదు.

"ఒక్కసారి వేసుకునే కోటు ఇది. ఓడ దిగాక ఎక్కడ వేసుకుంటుంది, ఈ ఎండలోనా?"

నాకు చిన్నతనమైపోయింది. విప్పేస్తానన్నాను గానీ, జిప్పు కూడా వేయాల్సి ఉంది, తర్వాత చూద్దాంలే అని మిషను కింద పెట్టాను.

ఇరాక్ సైన్యం వచ్చిన పొద్దున బేకరీ తెరవలేదని నేను విసుక్కుంటున్నాను. యుద్ధమని తోచలేదు. దూరంగా చప్పుళ్లు వింటే ఏదో కవాతు అనుకున్నాం. తర్వాత రేడియోలో హిందీవాళ్లు ఒకటి చెప్పారు, అరబ్బీవాళ్లు ఇంకొకటి చెప్పారు. పక్క బిల్డింగులో ఉండే కరీంనగర్ కూలీ ఒకతను మెట్ల దగ్గర నన్ను ఆపి అడిగాడు.

"అన్నా, మనం ఇప్పుడు ఏ దేశంల ఉన్నట్టే?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియలేదు. జేబులో ఉన్న ఇఖామా, అక్కడ ఉండనిచ్చే కార్డు, ఏ ప్రభుత్వం ఇచ్చిందో ఆ ప్రభుత్వమే లేదట. ఏ డబ్బు చెల్లుతుందో, ఎవరికి దండం పెట్టాలో, ఇంటికి పోవాలంటే ఎవరిని అడగాలో చెప్పేవాడు లేడు. బావ మాత్రం రోజూ షట్టర్ సగం ఎత్తి మిషను ముందు కూర్చునేవాడు. పని లేకపోతే పిచ్చెక్కుతుందనేవాడు.

అలా కూర్చున్న ఒక మధ్యాహ్నం రాజంపేట అక్క నల్ల అబాయా కప్పుకుని వచ్చింది. లోపలికి వచ్చాక గానీ మొహం చూపించలేదు.

"అన్నా, మామా చెప్పి రమ్మనింది. ఎవురన్నా అడిగితే మా ఇల్లు మీకు తెలవదు. సారు పోలీసు గదా, ఇంట్లోనే దాంకోని ఉండాడు. తెలిసిందంటే ఖలాస్."

"మాకు చేప ఒగటే తెలుసు. పోమ్మా, నిమ్మళంగా పో" అన్నాడు బావ.

తర్వాత కొద్దిరోజులకే అది జరిగింది. అర్దియాలో ఎవరో బియ్యం అమ్ముతున్నారంటే నేను పోయాను. బియ్యం దొరకలేదు. తిరిగొచ్చేసరికి దుకాణం షట్టర్ పూర్తిగా ఎత్తి ఉంది, మిషను మీద బావ కళ్లద్దాలు ఉన్నాయి, బావ లేడు. వేలాడదీసిన మూడు ఎర్రకోట్లూ లేవు. పక్క దుకాణం మంగలి, పాకిస్తానీ మనిషి, సగం మూసిన తలుపులోంచి హిందీలో చెప్పాడు. సైనికులు కోట్లు చూశారు, దూది నొక్కి చూశారు, ఈ ఎండలో ఇవి ఎవరికని అడిగారు. ఒకడు రెండు చేతులూ చాచి విమానంలా తిరిగాడట. ఎర్రరంగు, టోపీ, దూది, అన్నీ చూసి విమానాలు నడిపేవాళ్ల బట్టలనుకున్నారు. అమెరికా వాళ్లకు కుడుతున్నారా అని బావను వెనక వీధి బడికి తీసుకుపోయారు. ఆ బడిలోకి పోయినవాళ్లందరూ తిరిగి రావడం లేదని అప్పటికే అందరికీ తెలుసు.

అక్క మొహం కళ్ల ముందుకు వచ్చింది. ఏం చెప్పి ఈయనను బయటికి తేవాలో తోచలేదు. అబద్ధం నాకు రాదు. నిజం చెబుదామంటే ఆ నిజం నాకే సగం అర్థం కాలేదు. అంతలో మిషను కింద పాప కోటు కనబడింది. ఇంత చిన్న కోటు ఏ విమానం నడిపేవాడికి పడుతుంది, ఇది చూపిస్తే చాలనుకున్నాను. దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

అది చిన్నపిల్లల తరగతి గది. బోర్డు మీద ఎవరో టీచరు వేసిన లెక్కలు అలాగే ఉన్నాయి. టీచరు బల్ల దగ్గర ఒక ఆఫీసరు కూర్చుని ఉన్నాడు, గడ్డం మాసి, కళ్లు నిద్రలేక ఉబ్బి ఉన్నాయి. గోడ పక్కన ఒకటో తరగతి పిల్లల బెంచీలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని మా బావ కూర్చున్నాడు. ఒక చెంప వాచింది. నా చేతిలో సంచి చూసి కళ్లు మూసుకున్నాడు. ఎందుకు మూసుకున్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆఫీసరు బల్ల మీది కోట్లు చూపించి, ఇవి ఎవరికి అన్నాడు.

నా అరబ్బీ అంతా దుకాణం అరబ్బీ. పొడుగు, పొట్టి, వదులు, బిగుతు, రేపు. ఆ మాటలు పెట్టుకుని నేను భూమి నడినెత్తిన ఉన్న సముద్రం గురించి చెప్పాలి. ఓడ అన్నాను, పొట్టి ఓడ. కొండ ఇటు, కొండ అటు, మధ్యలో బిగుతు నీళ్లు. మంచు. ఎలుగుబంటికి మాట రాక, పెద్ద కుక్క, తెల్లది అన్నాను. ఆకాశంలో పచ్చటి వెలుగు అనేసరికి తలుపు దగ్గరి సైనికుడు ముందుకు వచ్చాడు.

"పచ్చ వెలుగా? ఎక్కడ? ఎవరు వేశారు?"

ఇక్కడ కాదు, ఇక్కడ కాదు అని చేతులు ఊపాను. ఎక్కడ అంటాడు. పైన అని నేను చెయ్యి ఎత్తాను. ఇద్దరూ కప్పు వైపు చూశారు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. చూడటానికి పోతారు, చూసి వస్తారు, అంతే అని నేను అరిచినంత పనిచేశాను. దేనికి అన్నాడు ఆఫీసరు. అదే మాట నేనూ మామాను అడిగాను.

ఆఫీసరు బావ వైపు వేలు చూపించాడు. నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఇతను ఇవి అర్దియాలో ఐసు గోదాములో చేపలు మోసేవాళ్ల కోసమని చెప్పాడు. నువ్వు ఓడ అంటావు, తెల్ల కుక్క అంటావు. మీలో అబద్ధం ఎవరిది?

ఐసు గోదాము. ఎంత చక్కటి అబద్ధం. ఎవరైనా నమ్ముతారు, మామా ఇంటి ఊసే రాదు. నేను రాకుండా ఉంటే ఈపాటికి బావను వదిలేసేవాళ్లేమో. మా నిజం ముందు ఆయన అబద్ధమే వెయ్యి రెట్లు నిజంగా ఉంది.

"నోరు మూసుకోరా, సంచి తెరవొద్దు" అన్నాడు బావ, నేల చూస్తూ. సైనికుడు బెంచీ మీద తుపాకి మడమతో కొట్టాడు.

ఆలస్యమైపోయింది. ఆఫీసరు సంచి లాక్కుని పాప కోటు తీసి బల్ల మీద పరిచాడు. చేపలు మోసేవాడు ఇంత పొట్టివాడా అన్నాడు. వాడి వేళ్లు కోటు చేతి మీద జరుగుతూ మడత దగ్గర ఆగాయి. నొక్కాడు. మిగతా చోట్ల కంటే లావు. అంచు నొక్కాడు, అక్కడా లావే. లోపల ఏం దాచారు అన్నాడు. నేను మాట్లాడేలోపే బ్లేడు తీసి కుట్లు తెంపాడు. ఎర్రగుడ్డ దిగింది. రెండో చెయ్యి తెంపాడు. అంచు తెంపాడు. ప్రతి మడతలోనూ గుడ్డే ఉంది, ఇంకేమీ లేదు. వాడు మడత లోపలికి వేలు పెట్టి చివరిదాకా వెతికాడు.

"ఏమీ లేదు. మరి ఎందుకిలా?"

ఈ ఒక్కదానికి నా అరబ్బీ సరిపోయింది. నేల దగ్గర చెయ్యి పెట్టి చూపించాను.

"పాప. ఇప్పుడు పొట్టి." చెయ్యి పైకి జరిపాను. "రేపు పొడుగు."

ఆఫీసరు కోటును దగ్గరకు లాక్కున్నాడు. దిగిన గుడ్డను మళ్లీ మడిచాడు, మళ్లీ విప్పాడు. ఎవరి పాప అన్నాడు. మాకు పేర్లు తెలియవు, గుర్తు మాత్రమే అని అస్తరు తిప్పి చూపించాను. సుద్దతో గీసిన చేప. వాడు చేప వంక చూశాడు, చేపలు మోసేవాళ్ల కథ చెప్పిన బావ వంక చూశాడు, ఓడ కథ చెప్పిన నా వంక చూశాడు. వాడికి ఏం అర్థమైందో ఈ రోజుకీ నాకు తెలియదు. నుదురు రుద్దుకుని, యల్లా, పొండి అన్నాడు. పెద్ద కోట్లు మూడూ బావ ఒళ్లోకి విసిరాడు.

మేం లేచాం. తలుపు దాకా పోయాక, ఆగు అన్నాడు. వాడు కుర్చీలోంచి లేచి తన నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు.

"నా కూతురు. ఇంత. మా ఊళ్లో మంచు పడుతుంది."

తెంపిన అంచులు మడిచి కుట్టమన్నాడు, తన కూతురి పొడుగుకు. నా చొక్కా కాలరుకు సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి. ఒకటో తరగతి బెంచీలో బావ పక్కనే ఇరుక్కుని కుట్టాను. అక్కడ కూడా కుట్టు తిన్నగా పడింది, దానికి నా మీద నాకే కడుపు మండింది. మామా నమ్మి ఇచ్చిన గుడ్డ. ఎవడికో ఎందుకివ్వాలి? కానీ పక్కన బావ ఊపిరి వినబడుతోంది. అరచేత్తో మడత గీత అదిమి కోటు ఇచ్చేశాను. వాడు దాన్ని తన సంచిలో పెట్టుకున్నాడు.

ఇద్దరం వీధి మలుపు తిరిగాం.

"ఐసు గోదాము ఎంత బాగా కుదిరిండె. నువ్వొచ్చి ఎలుగుబంట్లను తోలుకొచ్చినావు గదరా" అన్నాడు బావ.

"నువ్వాడ చేపలు మోయిస్తాండావని నాకేం తెలుసు బావా?"

ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. తర్వాత ఆయన ఆ మూడు కోట్లూ ఒళ్లో పెట్టుకుని ఫుట్‌పాత్ మీద కూర్చుని ఏడ్చాడు. బావ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. ఏం చేయాలో తోచక పక్కన కూర్చున్నాను. ఆయన బతికి ఉన్నాడన్న సంతోషం నాకు అప్పుడు తెలిసింది.

కోట్లు రాజంపేట అక్క చేత మామా ఇంటికి పంపేశాం. సెప్టెంబరులో అందరితోపాటు మేమూ బాగ్దాదు మీదుగా జోర్డాను ఎడారి చేరి, గుడారాల్లో చలికి వణికి, ఊరు చేరాం. ఆ ఏడు ఆ ఓడ వెళ్లిందో లేదో మరి.

యుద్ధం ముగిసిన కొంతకాలానికి మళ్లీ సాల్మియా వెళ్లాం, అదే దుకాణం. తెరిచిన కొన్ని నెలలకు మామా వచ్చింది. వెంట పాప ఉంది, బాగా పొడుగైంది. మామా చేతిలో ఒక ఎర్రకోటు ఉంది, నలుగురి కోట్లలోకీ పెద్దది, భర్తది.

రొట్టెల కోసం వరుసలో నిలబడ్డప్పుడు ఆయనను ఇరాక్ సైనికులు పట్టుకుపోయారట, ఇంకా రాలేదట. మేం ఏమైనా నోరు జారామా అన్న భయంతో బడిలో జరిగిందంతా చెప్పాను. మీవల్ల కాదు, ఆ వరుసలో ఎవరో గుర్తుపట్టారు అంది. పాప కోటు సంగతి కూడా చెప్పాను. అప్పుడు నా వైపు చూసింది.

"వాళ్ల పిల్ల వేసుకుంటోందా దాన్ని?"

"తెలియదు మామా."

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. వాళ్ల నాన్న ఓడ ఎక్కిస్తానన్నాడని పాప రోజూ అడుగుతోందట, ఈ శరత్తులో పోతున్నారట. ఆ పెద్ద కోటును కోసి పాపకు కుట్టమని బల్ల మీద పెట్టింది. బావ కత్తెర తీసుకున్నాడు, గుడ్డ మీద పెట్టాడు, కోయలేక నా చేతికి ఇచ్చాడు. నేను పాప కొలతలు తీసుకుని అస్తరు మీద సుద్దతో గీతలు గీశాను. చేప గుర్తు ఇంకా అలాగే ఉంది.

"గుడ్డ ఎంత మిగులుతుంది?" అంది మామా.

"చాలా మిగులుతుంది మామా. సార్ పెద్ద మనిషి కదా."

ఆవిడ పాప చెయ్యి పట్టుకుని, ఆ కోటు చేతి మీద పెట్టి చూసింది.

"ఒక్క ముక్క కోసి పారేయకు. అంతా లోపలికి మడిచి వదులు" అంది. "పెరుగుతుంది కదా."